కరపత్రం అడుగున చిన్న అక్షరాలు

ఎన్నికల కరపత్రం చేతికి వస్తే మీరు ముందు ఏం చూస్తారండీ? నాయకుడి దండం, పార్టీ గుర్తు, లావుపాటి అక్షరాల్లో హామీలు. ఆ తర్వాత అది బీరువా అరలో పేపరు కిందికో, ఇస్త్రీ బట్టల మడతల్లోకో పోతుంది. నాకు మాత్రం కింది నుంచి చదివే అలవాటు. కిట్టనివాళ్లు దీన్ని చాదస్తం అంటారు, అననివ్వండి. కిందాఖర్న, కళ్లజోడు సర్దుకుంటే తప్ప కనపడని సైజులో రెండు పేర్లుంటాయి. అచ్చువేసింది ఫలానా, ప్రచురించింది ఫలానా, ఇద్దరి చిరునామాలు. ఎన్నికల కరపత్రం మీద అవి లేకపోతే నేరం. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఎ అని ఒక సెక్షన్ ఉంది. ఆ పేర్లు లేకుండా వేస్తే ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, కాదంటే రెండూ.

ఎన్నికల్లో డబ్బు అనగానే మన వాడకట్టులో కబురంతా కవరు దగ్గరే ఆగిపోతుంది. ఏ బస్తీలో ఎంత ఇచ్చారు, మన వీధికి ఎందుకు రాలేదు అని. నాకు అంతకంటే కుతూహలం ఇంకో దాని మీద. ఎన్నికల వేళ నోరు విప్పేవాళ్లలో ఎవరు తమ పేరు చెప్పితీరాలి, ఎవరు చెప్పకుండా తప్పించుకోవచ్చు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే మన ఎన్నికల ఖర్చు చట్టాల గుట్టు చాలావరకు తెలిసిపోతుంది.

2023 నవంబరులో, అసెంబ్లీ ఎన్నికల వేడిలో, చిక్కడపల్లి సందులో ఒక ప్రెస్సుకు వెళ్లాను. గృహప్రవేశం కార్డుల ప్రూఫు దిద్దడానికి. మన విద్యానగర్, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతానికి ఈ చిన్న ప్రెస్సులే ప్రాణం. పెళ్లిళ్ల సీజన్లో శుభలేఖలు, నోటిఫికేషన్ పడితే గ్రూప్స్ మెటీరియల్, ఎన్నికలొస్తే కరపత్రాలు. నేను వెళ్లేసరికి అశోక్‌నగర్ హాస్టల్ కుర్రాళ్లు ముగ్గురు కౌంటరు ముందు నిలబడి ఉన్నారు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే సీటు కోసం క్యూ కట్టే బాపతు. వాళ్ల ఊరి నియోజకవర్గంలో ఎవరో ఇండిపెండెంటు నిలబడ్డాడట, వీళ్లకు నచ్చాడు. తలా కొంత వేసుకొని వెయ్యి కరపత్రాలు కొట్టించి ఊళ్లో పంచుదామని వచ్చారు.

“పబ్లిషర్ ఎవలు తమ్మీ?” అన్నాడు ప్రెస్సాయన, తల ఎత్తకుండా.

“మేమే అన్నా. దోస్తులం.”

“దోస్తులని ఏస్తే నడ్వది. పేరు, అడ్రస్ గావాలె. డిక్లరేషన్ మీద సంతకం వెట్టాలె. నిన్ను ఎరిగినోళ్లు ఇద్దరు సాక్షి సంతకం జెయ్యాలె. ఒక కాపీ చీఫ్ ఎలక్టోరల్ ఆఫీసర్‌కు వోతది. క్యాండిడేట్ ఇచ్చిన లెటర్ ఉన్నదా?”

“లెటర్ ఎందుకన్నా? ఆయనకు మేమెవలమో తెల్వనే తెల్వదు.”

“గందుకే గావాలె.”

పిల్లలు మొహాలు చూసుకున్నారు. ఎల్లుండి వస్తామన్నారు. వాళ్లు రారని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. వాళ్లు మెట్లు దిగాక ఆయన నా వైపు తిరిగి, “ఏం జేద్దును సార్, వాళ్లది రెండు వేల పని. కేసైతే జైలుకు వొయ్యేది నేను” అన్నాడు. ఆయన తప్పేం లేదు. చట్టం చెప్పిందే చెప్పాడు.

ఆ లెటరు సంగతి వినండి. అభ్యర్థి రాతపూర్వకంగా ఒప్పుకోకుండా, అతని గెలుపు కోసం మనలాంటివాళ్లు సొంత డబ్బుతో సభ పెట్టినా, ప్రకటన ఇచ్చినా, కరపత్రం వేసినా నేరమే. పాత శిక్షాస్మృతిలో అది 171హెచ్. 1920లో, తెల్లవాళ్ల హయాంలో చేర్చినది. అందులో ఒక దయగల మినహాయింపు కూడా పెట్టారు. ఖర్చు పది రూపాయలు మించకపోతే, పది రోజుల్లోగా అభ్యర్థి దగ్గర కాగితం తెచ్చుకుంటే తప్పు లేదని. పది రూపాయలు! 1920లో పది రూపాయలంటే పెద్ద మొత్తమే. 2024 జులై నుంచి శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. జరిమానాను ఐదు వందల నుంచి పదివేలకు పెంచారు. ఆ పది రూపాయల మినహాయింపు మాత్రం 176వ సెక్షన్లోకి అలాగే నడిచొచ్చింది. ఇవాళ చిక్కడపల్లిలో పది రూపాయలకు సరైన చాయ్ కూడా రాదు. చాయ్‌కి చాలని డబ్బుతో ప్రజాస్వామ్యంలో పౌరుడు తన మాట చెప్పుకోవాలన్నమాట.

సరే, చిన్నవాడి నోటికి ఇన్ని తాళాలు. పెద్దవాడి సంగతి చూద్దాం. దూరం పోనక్కర్లేదు, నారాయణగూడలో ఆటో ఎక్కి కోఠి బ్యాంక్ స్ట్రీట్‌లో దిగండి. స్టేట్ బ్యాంకు హైదరాబాద్ మెయిన్ బ్రాంచి అక్కడే. ఎలక్టోరల్ బాండ్లు అమ్మిన శాఖల్లో అదొకటి. 2018 జనవరి 2న నోటిఫై చేసిన పథకం అది. వెయ్యి, పదివేలు, లక్ష, పది లక్షలు, కోటి రూపాయల బాండ్లు. కొన్నవాడి పేరు బాండు మీద ఉండదు, పార్టీ పేరూ ఉండదు. పదిహేను రోజుల్లో పార్టీ ఖాతాలో పడితే సరి. ఇరవై వేలు దాటిన విరాళాలు ఇచ్చినవారి పేర్లు ఎన్నికల సంఘానికి చెప్పాలన్న నియమం బాండ్లకు వర్తించదని ముందే చట్టం మార్చి పెట్టుకున్నారు. ఏ పార్టీకి ఎంతిచ్చామో కంపెనీలు తమ లెక్కల్లో రాయాలన్న నియమం తీసేశారు. మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతానికి మించి ఇవ్వకూడదన్న కట్టడి కూడా ఎత్తేశారు. ఇదంతా 2017 ఆర్థిక చట్టంతో.

ఆ కుర్రాళ్లు ప్రెస్సు మెట్లు దిగిపోయిన అదే నవంబరులో, 6 నుంచి 20 వరకు, బాండ్ల 29వ విడత అమ్మకం జరిగింది. దేశం మొత్తం మీద వెయ్యి కోట్లు దాటింది. అందులో అన్నిటికంటే ఎక్కువ అమ్మిన బ్రాంచి ఏదనుకున్నారు? మన హైదరాబాదే. 359 కోట్లు. ముంబై మన తర్వాతే. వెయ్యి కరపత్రాలకు పబ్లిషరు, ఇద్దరు సాక్షులు, చీఫ్ ఎలక్టోరల్ ఆఫీసరు. 359 కోట్లకు ఊరూ లేదు, పేరూ లేదు.

పేరు ఎవరికీ తెలియదనుకుంటే అదీ అమాయకత్వమే. బ్యాంకు దగ్గర కొన్నవాడి వివరాలన్నీ ఉన్నాయి. పైగా బాండు మీద మామూలు వెలుతురులో కనపడని నంబరొకటి ఉందనీ, అతినీలలోహిత దీపం కింద పెడితే కనిపిస్తుందనీ 2018లోనే ఒక విలేకరి బయటపెట్టారు. బ్యాంకేమో సర్కారుది. అంటే తెలుసుకోగలిగినవాళ్లు తెలుసుకుంటారు, ఓటు వేసే మీకూ నాకూ మాత్రమే గుట్టు.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఆ పథకాన్ని కొట్టేసింది. నాకు నచ్చింది కొట్టేయడం కన్నా కొట్టేసిన తీరు. వాక్ స్వాతంత్ర్యం ఇచ్చే 19(1)(ఎ) అధికరణం మాట్లాడేవాడికి మాత్రమే కాదు, వినేవాడికి కూడా అన్నారు. ఓటరు నిర్ణయం తీసుకోవాలంటే పార్టీకి డబ్బు ఎక్కణ్నుంచి వస్తోందో తెలియాలి, అది వాక్ స్వాతంత్ర్యంలో భాగమే అన్నారు. ఈ ఆలోచన ఆకాశం నుంచి ఊడిపడలేదు. అభ్యర్థుల ఆస్తులూ కేసులూ ఓటరుకు తెలియాలని 2002లో, 2003లో వచ్చిన తీర్పులే దీనికి తల్లివేరు. 2003 కేసులో మన జయప్రకాశ్ నారాయణ్ గారి లోక్‌సత్తా కూడా ఒక పిటిషనరు. అఫిడవిట్లో ఆస్తులెంతో, కేసులెన్నో ఇవాళ పేపర్లలో లొట్టలేసుకుంటూ చదువుతున్నామంటే అందులో హైదరాబాదు చేతి చలువ కొంత ఉంది.

దాత గోప్యత మాటేమిటి అని సర్కారు వాదించింది. అందులో నిజం లేకపోలేదండోయ్. ప్రతిపక్షానికి ఐదువేలు ఇచ్చిన కిరాణా కొట్టాయన మీద మర్నాడే ఇన్‌స్పెక్టరు దిగితే? కోర్టూ ఆ భయాన్ని కొట్టిపారేయలేదు. రాజకీయాభిప్రాయం గుప్తంగా ఉంచుకునే హక్కు ఉందనే అంది. కాని కోట్లిచ్చేది అభిప్రాయం చెప్పడానికి కాదు, ఏదో ఆశించి ఇచ్చే వీలుందని తేడా చూపింది. కంపెనీల విరాళాల ప్రమాదాన్ని 1957లోనే బొంబాయి హైకోర్టులో ఛాగ్లా గారు టాటా స్టీల్ కేసులో హెచ్చరించారు. 1969లో ఇందిరాగాంధీ ప్రభుత్వం వాటిని నిషేధించింది, 1985లో మళ్లీ తలుపు తెరిచారు. మధ్యలో పదహారేళ్లు కంపెనీలు ఇవ్వలేదని నమ్మేవాళ్లు ఎవరైనా ఉంటే చేతులెత్తండి.

పేర్లు 2024 మార్చిలో బయటికొచ్చాయి. బ్యాంకు జూన్ 30 దాకా గడువడిగింది, కోర్టు ఒప్పుకోలేదు. దేశంలో రెండో పెద్ద కొనుగోలుదారు మన హైదరాబాద్ కంపెనీ, మేఘా ఇంజినీరింగ్, 966 కోట్లు. అందులో సగానికి పైగా బీజేపీకి వెళ్లింది, 195 కోట్లు బీఆర్ఎస్‌కు. పార్టీల వారీగా చూస్తే 2019 ఏప్రిల్ నుంచి బీఆర్ఎస్‌కు 1,214 కోట్లు వచ్చాయి, దేశంలో నాలుగో స్థానం. వైసీపీకి 337, తెలుగుదేశానికి 218. ఒక్క రాష్ట్రంలో బలమున్న పార్టీ కాంగ్రెసుకు రెండు వందల కోట్ల దూరంలో నిలబడిందంటే, అది ఏలిన ఏళ్లలో ఇక్కడ కాంట్రాక్టులు ఎంత పెద్దవో ఊహించుకోండి. ఇచ్చినదానికీ పుచ్చుకున్నదానికీ లంకె ఉందని నేను అనను, రుజువు చేయడం నా పని కాదు. లంకె ఉందా లేదా అని అడిగే అవకాశం నాకు ఐదేళ్లు ఆలస్యంగా వచ్చిందన్నదే నా ఫిర్యాదు. 2019 లోక్‌సభ ఎన్నికా, 2023 అసెంబ్లీ ఎన్నికా రెండూ అయిపోయాక తెలిసిన సంగతితో నేనేం చేసుకోను?

ఇప్పుడు ఖర్చు వైపు వద్దాం. ఇది మహా తమాషా.

అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలు మించి ఖర్చు పెట్టకూడదు, లోక్‌సభకైతే 95 లక్షలు. 2022 జనవరి నుంచి ఇదీ లెక్క. నామినేషన్ వేసిన రోజున అభ్యర్థి చేతిలో ఒక రిజిస్టరు పెడతారు. తెల్ల పేజీల్లో రోజువారీ ఖర్చు, గులాబీ పేజీల్లో నగదు, పసుపు పేజీల్లో బ్యాంకు. ఎన్నికల ఖర్చుకు విడిగా ఖాతా తెరవాలి. ఒకరికి పదివేలకు మించి నగదు ఇవ్వకూడదు. ప్రచారం నడుస్తుండగానే ఆ పుస్తకాన్ని కనీసం మూడుసార్లు వ్యయ పరిశీలకుడికి చూపించాలి. అటు అధికారులు షాడో రిజిస్టరని ఇంకోటి రాస్తుంటారు. వీడియో తీసేవాళ్లు ర్యాలీలో కుర్చీలు లెక్కపెడతారు, డప్పులు లెక్కపెడతారు. చాయ్‌కి ఒక రేటు, సమోసాకు ఒక రేటు, బిర్యానీకి ఒక రేటు, శాలువాకు, ఫ్లెక్సీకి చదరపు అడుగుకింత అని జిల్లా ఎన్నికల అధికారి ముందే పట్టిక వేస్తారు. మీరు ఉచితంగా ఇప్పించినా సరే, పట్టికలో ఉన్న రేటు మీ ఖాతాలో పడుతుంది. ఇండిపెండెంటుగా నిలబడ్డ ఒక రిటైర్డు లెక్చరరు గారికి ఈ పుస్తకం రాయడంలో సాయపడ్డాను. రాత్రి పదింటికి కూర్చుని, పొద్దున ఎంతమంది చాయ్ తాగారో గుర్తు చేసుకోలేక ఆయన తల పట్టుకున్నారు. “ఓట్లు లెక్కపెట్టుకోవాల్సిన వయసులో కప్పులు లెక్కపెడుతున్నానోయ్” అన్నారు. ఆయనకు ఓట్లు కప్పుల కన్నా పెద్దగా ఎక్కువేం రాలేదు లెండి.

కప్పులు లెక్కపెట్టే ఈ చట్టం హెలికాప్టరు వచ్చేసరికి ఆకాశం వైపు చూడదు. అభ్యర్థికి పరిమితి ఉంది, పార్టీకి లేదు. పార్టీ టీవీలో రోజంతా ప్రకటనలిచ్చినా, పేపర్ల మొదటి పేజీలన్నీ కొనేసినా, పార్టీని పొగిడినంత సేపు అది ఎవరి ఖాతాలోనూ పడదు. స్టార్ క్యాంపెయినర్లు, అంటే గుర్తింపు పొందిన పార్టీకి నలభై మంది, వాళ్ల ప్రయాణ ఖర్చు లెక్కలోకి రాదు. స్టారు వచ్చిన వేదిక మీద అభ్యర్థి నిలబడితేనో, పోస్టరు మీద అభ్యర్థి పేరుంటేనో వాటా పడుతుంది.

దీనికి ఒక కథ ఉంది. 1974 అక్టోబరు 3న సుప్రీంకోర్టు అమర్‌నాథ్ చావ్లా కేసులో తీర్పిచ్చింది. ఢిల్లీ సదర్ నుంచి 1971లో నెగ్గినాయన. పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి ఖర్చే, లేకపోతే పరిమితికి అర్థమే లేదు అన్నారు జస్టిస్ భగవతి. డబ్బున్నవాడి గొంతు పేదవాడి గొంతును మింగేయకూడదన్నదే ఆ తీర్పు సారం. నెల తిరగకుండానే ఆర్డినెన్స్ వచ్చింది, పార్టీ ఖర్చూ మిత్రుల ఖర్చూ లెక్కలోకి రాదని. ఏ చట్టానికైనా మన పార్లమెంటు ఏళ్లూ పూళ్లూ తీసుకుంటుంది, దీనికి వారాలు చాలాయి. 2003లో మిత్రుల మినహాయింపును తీసేసి నాయకుల ప్రయాణాలకు కుదించారు గాని, పార్టీకి పరిమితి మాత్రం ఇప్పటికీ రాలేదు.

ఇంకో లెక్క వేయండి. నియోజకవర్గంలో రెండున్నర లక్షల ఓటర్లున్నారనుకుంటే, 40 లక్షలంటే తలకు 16 రూపాయలు. ఒక ఉత్తరం అచ్చేసి, కవరులో పెట్టి, స్టాంపు అంటించి పంపడానికి కూడా చాలదు. కొత్తవాడు తన పేరు జనానికి చెప్పుకోవాలన్నా ఇంతే. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం పార్టీ తొమ్మిది నెలల్లో ఉమ్మడి రాష్ట్రాన్ని గెలిచిన రోజుల్లో సున్నం బకెట్టూ కుంచే చాలు, ఊరంతా గోడలే. అనుమతి లేని గోడ రాతల మీద 1997లో చట్టం వచ్చింది. గోడలు శుభ్రమయ్యాయి, నిజమే. దాంతోపాటు చౌకగా దొరికే నోరు ఒకటి మూతపడింది, ఖరీదైన ఫ్లెక్సీ మిగిలింది.

ఆ 1983 ఎన్నికలోనే మొదటిసారి నెగ్గిన డాక్టర్ కోడెల శివప్రసాదరావు గారు, స్పీకరుగా ఉండగా, 2016లో ఒక టీవీ ఇంటర్వ్యూలో మనసు విప్పారు. తన మొదటి ఎన్నికకు ముప్పై వేలు అయ్యాయట, 2014 ఎన్నికకు పదకొండున్నర కోట్లు. 2014లో పరిమితి 28 లక్షలు. నిజం చెప్పినందుకు కరీంనగర్ కోర్టులో కేసు పడింది. మహారాష్ట్రలో గోపీనాథ్ ముండే 2013లో ఇలాగే ఎనిమిది కోట్లని అంటే నోటీసు వెళ్లింది. వీళ్లిద్దరినీ తిట్టబుద్ధి కాదు నాకు. మిగతావాళ్లంతా నోరు మూసుకుని పరిమితికి లోపల చక్కటి సంఖ్య ఒకటి రాసి సంతకం పెట్టినవాళ్లే కదా.

మరి ఈ చట్టం కింద ఎవరైనా నిజంగా పదవి పోగొట్టుకున్నారా? పోగొట్టుకున్నారు. ఉత్తరప్రదేశ్‌లో బిసౌలీ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్. 2011 అక్టోబరులో మూడేళ్ల అనర్హత. నేరమేమిటంటే వార్తలా వేయించుకున్న ప్రకటనల ఖర్చు లెక్కలో చూపలేదు. మొత్తం 21,250 రూపాయలు. కోట్ల ఏనుగులన్నీ దాటిపోయాక వల బిగించి పట్టింది ఈ మాత్రం చేపను.

పెయిడ్ న్యూస్ మాట వచ్చింది కాబట్టి, దాని గుట్టు విప్పడంలోనూ తెలుగువాళ్ల చెయ్యి ఉంది. 2009 ఎన్నికల మీద ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో ఒకరు మన కె. శ్రీనివాస్ రెడ్డి గారు, రెండోవారు పరంజయ్ గుహా ఠాకుర్తా. అప్పట్లో ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ పశ్చిమ గోదావరి జిల్లాలో చేసిన సర్వే వాళ్లకు ఆధారాల్లో ఒకటి. లోక్‌సత్తా అభ్యర్థి ఒకాయన అయితే, ఒక పత్రికలో వార్త రావడానికి ఇచ్చిన డబ్బును తన ఎన్నికల ఖర్చుల లెక్కలోనే రాసిచ్చేశారు. ఆ నివేదికలో నాకు బాగా గుర్తుండిపోయిన మనిషి ఆయనే.

మీలో అమెరికాలో పిల్లలున్నవాళ్లు ఈపాటికి ఒక మాట అడగబోతున్నారు. విద్యానగర్‌లో అలాంటి ఇల్లు కానిదేదీ! “అక్కడ ఇవేం ఉండవటగా, డబ్బు ఖర్చుపెట్టడం కూడా మాట్లాడే హక్కేనటగా?” అని. ఉంది, కాని తిరగేసి ఉంది. 1976లో బక్లీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు విరాళం మీద పరిమితి పెట్టొచ్చు, ఖర్చు మీద పెట్టకూడదు అంది. మన దగ్గర ఖర్చు మీద పరిమితి, వ్యక్తి విరాళం ఎంతైనా ఇవ్వొచ్చు. అక్కడ ఇప్పుడు ఒక మనిషి ఒక అభ్యర్థికి ఒక్కో ఎన్నికకు 3,500 డాలర్లకు మించి ఇవ్వకూడదు. రెండు వందల డాలర్లు దాటితే పేరు, ఊరు, ఉద్యోగం అన్నీ అందరూ చూసేలా పెడతారు. మీ అబ్బాయి హెచ్‌1బి మీద ఉంటే ఒక్క డాలరూ ఇవ్వకూడదు, గ్రీన్‌కార్డు వస్తే ఇవ్వొచ్చు. అమెరికా పౌరుడైపోతే ఇక్కడి పార్టీకి ఇవ్వకూడదు, మన చట్టానికి అతను విదేశీయుడు.

వాళ్ల 2010 నాటి సిటిజన్స్ యునైటెడ్ కేసు పుట్టింది ఒక సినిమా మీద. హిల్లరీ క్లింటన్‌ను ఏకిపారేసిన డాక్యుమెంటరీ. ఎన్నికల ముందు ఒక సంస్థ దాన్ని టీవీలో చూపించొచ్చా అన్నది ప్రశ్న. ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు, చూపించొచ్చు అన్నారు. దాంతో కంపెనీల డబ్బుకు గేట్లు ఎత్తేశారు. ఇది చదివి నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే అలాంటి పంచాయితీ మన ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్ల దాకా వచ్చింది. 2019 మార్చి 29న రామ్ గోపాల్ వర్మ ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’ తెలంగాణలో విడుదలైంది, ఆంధ్రాలో కోర్టు ఆపింది. కేసీఆర్ మీద ‘ఉద్యమ సింహం’ అని ఇంకోటి. ప్రధాని మోదీ మీద హిందీ సినిమా. పోలింగుకు ముందురోజు, ఏప్రిల్ 10న, ఇలాంటి జీవితకథలు ఎన్నికలయ్యేదాకా ఆడకూడదని ఎన్నికల సంఘం ఉత్తర్వు ఇచ్చింది. సినిమా ఆపడం నాకు మింగుడుపడలేదు. వర్మ సినిమా చూసి ఓటు మార్చుకునేవాణ్ని సినిమా ఆపి కాపాడలేం. ఆ సినిమాకు డబ్బెవరు పెట్టారో తెర మీద మొదటి కార్డుగా వేయమంటే సరిపోయేది.

అదే నా పట్టు. మాట ఆపకండి, మాట వెనకున్న పేరు చెప్పించండి. అదీ డబ్బు బరువును బట్టి. చిన్న మొత్తాలను వదిలేయండి, పెద్ద మొత్తాలను వెంటనే, ఎన్నికకు ముందే, బయటపెట్టించండి. ఇవాళ దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంది. ఆ పది రూపాయల మినహాయింపును పాతిక వేలో, యాభై వేలో చేస్తే కొంపలేం మునగవు. పార్టీకి పరిమితి పెట్టనంత కాలం అభ్యర్థి పరిమితి వల్ల ఒరిగేది ఏమీ లేదు. ఉంచితే ఇద్దరికీ ఉంచాలి, లేదా ఇద్దరికీ తీసేసి లెక్కలు వారం వారం జనం ముందు పెట్టాలి.

చిన్న మొత్తాలతో ఏమవుతుంది అంటారా? 2023 అసెంబ్లీ ఎన్నికలో కొల్లాపూర్‌లో కర్నె శిరీష, బర్రెలక్కగా మనందరికీ తెలిసిన అమ్మాయి, ఈల గుర్తు మీద ఇండిపెండెంటుగా నిలబడింది. డిగ్రీ చదివి ఉద్యోగం రాక బర్రెలు కాస్తున్నానని వీడియో పెట్టినందుకు అంతకుముందే కేసు మోసిన పిల్ల. చందాలతోనే ప్రచారం. పుదుచ్చేరి మాజీ మంత్రి మల్లాడి కృష్ణారావు గారు లక్ష ఇచ్చారు, మిగతాది చిల్లర చిల్లరగా. ఎవరిచ్చారో దాచుకోలేదు, చెప్పుకుంది. 5,754 ఓట్లు వచ్చాయి. ఓడిపోయింది, కాని ఆ ఓట్లలో కొన్న ఓటు ఒక్కటీ ఉండదని నా నమ్మకం.

కొన్న ఓటు సంగతి చెప్పకుండా వెళ్లిపోతే మీరు ఊరుకోరు. చెప్పేందుకు పెద్దగా లేదు. 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికలో మాకు కవరు రాలేదని జనం రోడ్డెక్కారు. అదే ఏడాది జులైలో, ఓటర్లకు డబ్బు పంచిన కేసులో మహబూబాబాద్ ఎంపీ మాలోత్ కవితకు నాంపల్లి ప్రత్యేక కోర్టు ఆర్నెల్ల శిక్ష వేసింది, హైకోర్టుకు వెళ్లారు. 2023లో పోలింగుకు పది రోజుల ముందే తెలంగాణలో పట్టుబడ్డ నగదు, మద్యం, బంగారం, మత్తుమందులు, కానుకల విలువ 659 కోట్లని ఎన్నికల సంఘమే చెప్పింది, ఐదు రాష్ట్రాల్లో మనమే ఫస్టు. కవరు మాట్లాడే హక్కు కిందికి రాదు, ఏ దేశపు కోర్టూ రాదనే అంటుంది. కాకపోతే కవరులోకి డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగితే మళ్లీ బ్యాంక్ స్ట్రీట్ దాకా నడవాల్సి ఉంటుంది.

మీకు ఓపికుంటే ఒక పని చేయండి. ఫలితం వచ్చిన ముప్పై రోజుల్లో ప్రతి అభ్యర్థీ జిల్లా ఎన్నికల అధికారికి లెక్క అప్పగించాలి, హైదరాబాద్ జిల్లాకు ఎన్నికల అధికారి జీహెచ్‌ఎంసీ కమిషనరు. మీరు ఓటేసిన మనిషి తెల్ల పేజీల్లో చాయ్‌కి ఎంత రాశాడో, సభకు ఎంత రాశాడో చూసి రండి, మీ కళ్లతో చూసిన సభ గుర్తు తెచ్చుకుని పోల్చండి. 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 88వ నియమం ప్రకారం ఎవరైనా వెళ్లి ఆ లెక్కలు చూడొచ్చు. రుసుము ఒక్క రూపాయి.